మారు వడ్డన

విశాఖపట్నంలో అన్నం పెట్టే చేతులకు కొదవ లేదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాళ్లకు 32 కిలోమీటర్ల దారి పొడవునా పులిహోర, మజ్జిగ, అరటిపండ్లు అందుతూనే ఉంటాయి. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడివైపు వెళ్లినవాళ్లు ఖాళీ చేతులతో తిరిగి రావడం కష్టం. పుట్టినరోజులకు, వర్ధంతులకు, నాయకుల పేరు చెప్పి రైల్వేస్టేషన్ బయట, కేజీహెచ్ ఆసుపత్రి గేటు దగ్గర పొట్లాలు పంచుతారు. ఒక్కోరోజు ఒకే మనిషి పక్కన నాలుగు పొట్లాలు కనిపిస్తాయి. మర్నాడు ఒక్కటీ ఉండదు. మా ఇంట్లోనూ మామగారి ఆబ్దికానికి ఏటా అదే తంతు. హోటల్లో చెప్పి పొట్లాలు కట్టించడం, ఆటోలో వేసుకుని వెళ్లడం, అరగంటలో ఖాళీ చేసి ఇంటికి వచ్చి స్నానాలు చేయడం. ఎవరు తిన్నారో, పొట్లంలో ఏముందో కూడా మాకు తెలిసేది కాదు.

ఆదివారం వడ్డనకు దారి చూపించింది మా వీధి చివర ఉండే పెద్దాయన. పోర్టులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కంచరపాలెంలో కొన్ని కుటుంబాలను కూడగట్టి ప్రతి ఆదివారం రాత్రి ఇల్లూవాకిలీ లేనివాళ్లకు భోజనం వండి పెడుతున్నారు. ఆదివారమే ఎందుకని అడిగితే ఆయన చెప్పిన లెక్క నాకు నచ్చింది. 2024 ఆగస్టులో అన్న క్యాంటీన్లు మళ్లీ తెరుచుకున్నాక పూటకు 5 రూపాయలకే తిండి దొరుకుతోంది. చెత్త ఏరుకునేవారైనా, మార్కెట్లో మూటలు మోసేవారైనా ఆ ఐదు రూపాయలు ఎలాగో సంపాదించుకుంటారు. కానీ మేము చేరేనాటికి ఆదివారం వాటికి సెలవు. ఆ రోజు చాలామందికి కూలిపనీ ఉండదు. ‘ఆరు రోజులు వాళ్ల తిప్పలు వాళ్లు పడుతున్నారు. ఏడో రోజు మనం చూసుకుందాం’ అన్నారాయన.

మేము ఇంటిల్లిపాదీ వెళ్లడం వెనక గొప్ప ఆశయమేమీ లేదు. నేను ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాస్తాను. మా ఆయనది షిఫ్టుల ఉద్యోగం. అబ్బాయి తొమ్మిదో తరగతి, అమ్మాయి ఆరు. పిల్లలను ఇంట్లో వదిలితే ఫోన్లకు అతుక్కుపోతారు. అత్తగారిని వదిలితే అలుగుతారు. అందుకని అందరం కలిసే వస్తామన్నాం.

పెద్దాయన వెంటనే సరేననలేదు. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, టీ తాగి, నిదానంగా షరతులు చెప్పారు. కనీసం రెండు నెలలు ఆదివారాలు ఎగ్గొట్టకూడదు, పెళ్లిళ్లు ఉంటే ముందే చెప్పాలి. ఎంత చిన్నవాళ్లనైనా ‘మీరు’ అనాలి. నిద్రపోతున్నవాళ్లను లేపకూడదు. దేవుడి గురించి గానీ మతం గురించి గానీ మాట ఎత్తకూడదు. తాగి ఉన్నవాళ్లకూ అన్నం పెట్టాలి, నీతులు మాత్రం చెప్పకూడదు. పిల్లలు పొయ్యి దరిదాపులకు రాకూడదు. నిరాశ్రయుల వసతి గృహంలో వడ్డించవచ్చు గానీ ఆ తర్వాత జరిగే వీధుల రౌండుకు వాళ్లను తీసుకెళ్లరు. ఇక ఫొటోలు తీయకూడదు. మా ఆయన ఇక్కడ కొంచెం నసిగారు. చందా ఇచ్చిన బంధువులకు చూపించడానికి ఒక్కటైనా ఉండాలి కదా అన్నారు. ‘అన్నం గుండిగను తీసుకోండి. దానికి అభ్యంతరం ఉండదు’ అన్నారు పెద్దాయన. ఇప్పటికీ మా బంధువులకు వెళ్లేది గుండిగ ఫొటోనే.

వంట ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో. ఆదివారం ఉదయం కంచరపాలెం రైతుబజారులో కూరగాయలు కొంటాం. మధ్యాహ్నం మూడు దాటాక తరగడం మొదలవుతుంది. నాలుగున్నరకు పప్పు, ఐదున్నరకు అన్నం. బియ్యం లెక్క నేను ఇంటి లెక్కతో వేయబోతే అక్కడ పొయ్యి చూసుకునే ఆవిడ ఆపింది. పెళ్లిళ్లలో కిలో బియ్యం పదిమందికి సరిపోతుందని లెక్క వేస్తారు, ఎందుకంటే అక్కడ బూరెలు, పులిహోర, అప్పడాలు, ఐస్‌క్రీములు ఉంటాయి. ఇక్కడ అన్నమే భోజనం. పగలంతా బండి లాగిన మనిషి తినే అన్నం వేరు. కిలోకు ఆరుగురికి మించి వేయవద్దంది. అంటే అరవైమందికి పది కిలోలు. మా ఇంట్లో చాలా రోజులు వచ్చే బియ్యం ఒక్క పొయ్యి మీద ఉడకడం చూసి మా అమ్మాయి అక్కడే నిలబడిపోయింది, ఆరడుగుల దూరంలోనే లెండి.

ఉప్పు విషయంలో మా అత్తగారికీ పొయ్యి దగ్గరి ఆవిడకూ పడలేదు. ఇంట్లో కూరకు చేత్తో వేసే అలవాటున్న మనిషికి గుండిగలో ఉప్పు ఎంతో చేతికి తెలియదు. అత్తగారు మాత్రం ఒప్పుకోలేదు. యాభై ఏళ్లుగా వండుతున్నానన్నారు. చివరికి ఆవిడే సర్దిచెప్పింది. ‘తక్కువే వేద్దాం పిన్నీ. ఆకు మీద ఉప్పు విడిగా పెడదాం. బీపీ ఉన్నవాళ్లు ఉన్నారు’ అంది. అప్పటి నుంచి ఆకు చివర చిటికెడు ఉప్పు వడ్డించే ఉద్యోగం మా అమ్మాయిది.

మేము పులిహోర చేయం. ఈ మాట విని చాలామంది ఆశ్చర్యపోతారు. పులుపు, నూనె ఉండటం వల్ల అది త్వరగా చెడిపోదు, కలిపి పొట్లం కడితే చాలు, కూర అక్కర్లేదు. కాబట్టి పంచేవాళ్లందరికీ పులిహోరే సులువు. తినేవాళ్లకు మాత్రం అదే రోజూ. ఖాళీ కడుపులో చింతపండు, ఎండుమిరపకాయ మంట పుట్టిస్తాయి. పళ్లు లేనివాళ్లు వేరుశనగ గుళ్లు ఏరి పక్కన పెడతారు. వసతి గృహంలో ఒక తాతగారు మొదటి రోజు మమ్మల్ని చూడగానే ‘పులిహోరేనా?’ అన్నారు. లేదండీ, పప్పుచారు అంటే లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. మా వంటకాలు నాలుగైదే: అన్నం, ముద్దపప్పు లేదా పప్పుచారు, సొరకాయో గుమ్మడికాయో మెత్తగా ఉడికిన కూర, ఒక గుడ్డు, మజ్జిగ. చలికాలంలో మజ్జిగ బదులు రెండో చారు.

పొట్లాలు కట్టకపోవడానికి మరో కారణం ఉంది. వేడి అన్నాన్ని మూట కడితే లోపల ఆవిరి పట్టి నీరు కారుతుంది. విశాఖ ఉక్కపోతలో ఆ అన్నం ఎంతసేపు నిలుస్తుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. అప్పుడు పుట్టే వాంతుల విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే వండినది 60 డిగ్రీలకు పైన వేడిగానైనా ఉండాలి, లేదంటే రెండు గంటల్లో కడుపులోకైనా వెళ్లాలి. మా షెడ్డులో గుండిగలకు గోనెసంచి చుట్టి, మీద పాత దుప్పటి కప్పి, ఆటో ట్రాలీ ఎక్కిస్తారు. మా అబ్బాయికి ఒక థర్మామీటరు ఇచ్చారు. వెళ్లేముందు ఒకసారి, దిగాక ఒకసారి గుచ్చి పుస్తకంలో రాస్తాడు. ఇంట్లో తాగిన గ్లాసు తీయని పిల్లవాడు ఈ పని మాత్రం శ్రద్ధగా చేస్తాడు. బహుశా అది యంత్రం కాబట్టి.

విస్తళ్లు అడ్డాకువి. పూర్ణామార్కెట్లో కట్టలుగా దొరుకుతాయి. పాడేరు, అరకు ఏజెన్సీలో గిరిజన స్త్రీలు అడవిలో ఆకు కోసి, సన్నటి పుల్లలతో కుట్టినవి. 2022లో నగరంలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించాక ఇవి కొనడం తప్పనిసరైందని పెద్దాయన అంటారు గానీ, నిజానికి ఆయనకు అడ్డాకులో తినడం ఇష్టం. అడ్డాకు విస్తరికి అంచు ఉండదు. పలచని చారు పోస్తే పరుగు పెడుతుంది. ఆ సంగతి తర్వాత ఎంత పనికొచ్చిందో చెబుతాను.

మేము వెళ్లే వసతి గృహం నగరపాలక సంస్థ జీవీఎంసీది. ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతుంది. ఏడున్నరకు చేరతాం. లోపల మంచాలు, పెట్టెలు, ఒక టీవీ. పగలు పనికి వెళ్లి రాత్రికి వచ్చేవాళ్లు కొందరు, ఎక్కడికీ వెళ్లలేని ముసలివాళ్లు కొందరు. నిర్వాహకురాలు ఒక రిజిస్టరులో మా పేర్లు, ఏమి వండాం, ఎన్నింటికి దింపాం అన్నీ రాయించుకుంటుంది. ప్రతి వంటకం కొంచెం తీసి మూత పెట్టి మర్నాటిదాకా దాస్తుంది, ఎవరికైనా ఒంట్లో తేడా చేస్తే చూపించడానికి. తర్వాత తను ఒక ముద్ద తిని సరే అంటుంది. మొదటిసారి ఇదంతా చూసి మా అత్తగారు చిన్నబుచ్చుకున్నారు. నాకైతే ధైర్యం కలిగింది. ఎవరో వచ్చి ఏదో పెడితే తినేయాల్సిన మనుషులు కారు వాళ్లు, అడిగేవాళ్లున్నారు.

మా అబ్బాయికి సాంఘికశాస్త్రం ప్రాజెక్టు ఉండి ఒకరోజు ఆమెను ప్రశ్నలు అడిగాడు. పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల ప్రకారం లక్ష జనాభాకు కనీసం వందమందికి సరిపడే వసతి ఉండాలని, తలకు 50 చదరపు అడుగుల జాగా ఇవ్వాలని చెప్పింది. ‘2011 లెక్కల్లోనే మన ఊరు 17 లక్షలు దాటింది కదా మేడం. అంటే పదిహేడు వందలమందికి చోటు ఉండాలి’ అన్నాడు వీడు. ‘ఉండాలి బాబూ’ అని ఆమె రిజిస్టరు మూసి, గుడ్లు వచ్చాయా అని నన్ను అడిగింది. అదే జనాభా లెక్కలు దేశం మొత్తంలో ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షలమంది అన్నాయి. ఫ్లైఓవర్ల కింద, ప్లాట్‌ఫారాల మీద, తూముల్లో పడుకునేవాళ్లను రాత్రిపూట తిరిగి లెక్కపెట్టిన సంఖ్య అది. మా ఆదివారం రౌండు తిరిగాక ఆ లెక్క మీద నాకు అంతగా నమ్మకం లేదు. మేము వెళ్లేసరికి ఒక వారం ఉన్న మనిషి మరో వారం అదే చోట ఉండడు.

వడ్డన సంగతికి వస్తాను. నేలమీద చాపలు పరిచి రెండు వరుసలుగా కూర్చోబెడతాం. కింద కూర్చోలేనివాళ్లకు బెంచీలు. మొదటి బంతిలో నేను గమనించింది, ఎవరూ మారు అడగరు. వేసింది వేసినట్టు తినేసి చేయి కడుక్కుంటారు. ఒకాయన గుడ్డును కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, పొద్దుటికి. ఇంకాస్త వేయనా అంటే ఆకు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, నా వైపు కాదు, గుండిగ వైపు చూస్తారు. వెనక ఇంకెంతమంది ఉన్నారోనని. లైన్లో నిలబడి, మనిషికి ఒక్కటే అనే మాటకు అలవాటుపడినవాళ్లు. నేను మొహమాటపడి ముందుకు జరిగిపోయాను. గుండిగలో అన్నం మిగిలిపోయింది.

మా అత్తగారికి ఇది మింగుడుపడలేదు. మారు వడ్డించకుండా మనిషిని లేపడం ఆమె లెక్కలో అవమానం. ఇంటికి వస్తూ ఆటోలో హుద్‌హుద్ రోజులు గుర్తుచేసుకున్నారు. 2014 అక్టోబరు 12న తుపాను ఊరిని ఊడ్చేశాక కరెంటు లేదు, కుళాయి లేదు, పాల ప్యాకెట్ కోసం, మంచినీళ్ల కోసం వరుసలు. మాకు ఇల్లు ఉంది, బ్యాంకులో డబ్బు ఉంది, అయినా నిలబడ్డాం. ఒక లారీ మీద నుంచి కుర్రవాళ్లు పొట్లాలు విసురుతుంటే పట్టుకున్నవాళ్లలో మా అత్తగారూ ఉన్నారట. నాకు అంతవరకు తెలియదు. ‘వాళ్లు మంచి పిల్లలే. ఒక్కొక్కటే ఒక్కొక్కటే అని అరిచేవాళ్లు. ఇంట్లో ఎంతమంది అని ఒక్కడూ అడగలేదు’ అన్నారు.

మరుసటి ఆదివారం నుంచి అన్నం బేసిన్ ఆమె చేతికి తీసుకున్నారు. ఆమె ఎవరినీ అడగరు. గరిటె నిండా అన్నం పట్టుకుని, ఆకు ముందు వంగి, అలాగే నిలబడతారు. అడిగితే వద్దంటారు, వంగి నిలబడితే ఎంతసేపని అడ్డం పెడతారు, చెయ్యి తీస్తారు. సగానికి సగం మంది దగ్గర ఇది పనిచేసింది. మిగతా సగం మంది సంగతి చూసింది వంటమాస్టారు.

ఆయనను అందరూ అలాగే పిలుస్తారు. ఒకప్పుడు పెళ్లిళ్లకు వంటలు చేసేవాడట. చేతికి దెబ్బ తగిలి, పని తగ్గి, ఇంట్లో గొడవలై, చివరికి ఇక్కడికి చేరాడు. అంతకు మించి ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. గోడవారన కూర్చుని తింటూ మా వడ్డన అంతా పరీక్షగా చూసేవాడు. ఒకరోజు నన్ను పిలిచి, ‘అమ్మా, మారుకు అన్నం పట్టుకొస్తారేమిటి? అన్నం చూడగానే ఎవరైనా వద్దనే అంటారు. ముందు చారు పోయండి’ అన్నాడు. నాకు అర్థం కాలేదు. ‘పోసి చూడండి. ఆకులో చారు నిలవదు. పారిపోతుంది. దానికి అడ్డం కట్టడానికి వాళ్లే అన్నం అడుగుతారు.’

పోశాం. అచ్చం అలాగే జరిగింది. చారు ఆకు అంచుకు పరుగెత్తేసరికి అందరూ రెండు చేతులతో ఆకు ఎత్తిపట్టి, ‘అన్నం, అన్నం, ఇటు అన్నం’ అని పిలవడం మొదలుపెట్టారు. చాపల మీద మొదటిసారి గోల పుట్టింది. ఒకాయన మా ఆయనను, ‘ఏమండీ, అంత చారు పోసి అన్నం మరిచిపోయారా?’ అని కోప్పడ్డాడు కూడా. వంటమాస్టారు గోడవారన నవ్వుకుంటున్నాడు. ఆ రాత్రి గుండిగలో అన్నం మిగలలేదు సరికదా, వీధి రౌండుకు తక్కువ పడింది. అప్పటి నుంచి రెండు కిలోలు పెంచాం.

గోల పెరిగాక విమర్శలూ వచ్చాయి. పప్పు పలచనైందని, గుమ్మడికాయ వరుసగా పెట్టారని, బెల్లం ఆవకాయ ఎప్పుడు తెస్తారని. పెద్దాయన వాటిని పుస్తకంలో రాసుకుంటారు. మా అత్తగారికి మాత్రం పప్పు మీద మాట పడితే రెండు రోజులు నిద్ర పట్టదు.

వసతి గృహం అయ్యాక పిల్లలను, అత్తగారిని ఇంటికి పంపి, మేమిద్దరం గానీ మాలో ఒకరు గానీ రౌండుకు వెళతాం. మర్నాడు స్కూలు, ఆఫీసు. సోమవారాలు మా ఇంట్లో అందరూ విసుగ్గానే ఉంటారు. రౌండు దొండపర్తి వైపు నుంచి తెలుగుతల్లి ఫ్లైఓవర్ కిందుగా, పూర్ణామార్కెట్ మీదుగా కేజీహెచ్ దాకా. వీధిలో చాపలు వేయలేం, కాబట్టి కూర్చున్నచోటే ఆకు పరిచి వడ్డిస్తాం, మళ్లీ వెనక్కి వచ్చి మారు అడుగుతాం. నిద్రపోతున్నవాళ్లను వదిలేస్తాం. ఇది నాకు మొదట్లో కష్టంగా ఉండేది. తిన్నాడో లేదో అని. కానీ రోడ్డు పక్కన నిద్ర పట్టడమే గగనం. దానిని మనం చెడగొట్టకూడదు.

వసతి గృహంలో ఇంత చోటుంటే రోడ్డు పక్కన ఎందుకు పడుకుంటారని మా అమ్మాయి అడిగింది. నేనూ అదే అడిగాను, కొందరిని. ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. భార్యాభర్తలను ఒకచోట ఉండనివ్వరు, ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు. తెల్లవారుజామున మూడింటికి చేపల రేవులో పని ఉంటుంది, ఆ వేళకు గేటు తీయమంటే కష్టం. తోపుడుబండి ఎక్కడ పెట్టాలి? తాగితే లోపలికి రానివ్వరు. ఒకామె మాత్రం, ‘అక్కడ పేరు రాయమంటారమ్మా’ అంది. అంతే చెప్పింది.

కేజీహెచ్ విషయంలో మా బృందంలోనే ఒక వాదన నడిచింది. 1923 నాటి ఆసుపత్రి. శ్రీకాకుళం నుంచి, మన్యం నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి రోగులు వస్తారు. లోపల రోగి పక్కన ఒక్కరికే చోటు. మిగతా బంధువులు బయట అరుగుల మీద, చెట్ల కింద వారాల తరబడి పడుకుంటారు. వాళ్లకు సొంత ఊళ్లో ఇళ్లున్నాయి కదా, వాళ్లు నిరాశ్రయులు ఎలా అవుతారని కొందరన్నారు. బియ్యం లెక్కకు ఈ ప్రశ్న ముఖ్యమే. మా అత్తగారు తేల్చేశారు. ఈ రాత్రికి వాళ్లకు ఇల్లు ఎక్కడుందో చూపించండి అన్నారు. వాళ్లకూ వడ్డిస్తున్నాం. ఒడియా తప్ప మరో భాష రానివాళ్లు కొందరుంటారు. ఆకు మీద అరచెయ్యి అడ్డం పెట్టడం మాత్రం అందరిదీ ఒకటే.

అన్నం సరిపోని చోట్లూ ఉంటాయి. దొండపర్తి వైపు ఒక ముసలావిడ తడిసిన చీరతో గోడకు ఆనుకుని ఉండేది. మాట్లాడదు, దగ్గరకు వెళితే ముడుచుకుపోతుంది. ఆకు కొంచెం దూరంగా పెట్టి వచ్చేవాళ్లం. పెద్దలకు సంబంధించిన సహాయవాణి 14567కు పెద్దాయన ఫోను చేశారు. మనసు బాగోలేనివాళ్ల విషయంలో ఏం చేయాలో అడగడానికి టెలీ మానస్ 14416 ఉంది. ఒంట్లో బాగోకపోతే ఆలోచించకుండా 108. ఈ మూడూ మా రౌండు పుస్తకం అట్ట మీద రాసి ఉంటాయి. చివరికి వసతి గృహం నిర్వాహకురాలే ఒక ఆడమనిషిని తోడు తీసుకుని వచ్చి, చాలాసేపు పక్కన కూర్చుని, ఆవిడను తీసుకెళ్లింది. రెండు రాత్రులు ఉండి మళ్లీ అదే గోడ దగ్గరకు వచ్చేసింది. ఇప్పుడు ఆకు చేతికి ఇస్తే తీసుకుంటుంది. అంతవరకే.

ఖర్చు దాచాల్సిన పనేమీ లేదు. గుడ్డుతో కలిపి ఒక విస్తరికి నలభై రూపాయల లోపే అవుతుంది. గ్యాసు, ఆటో ట్రాలీ వేరు. పది కుటుంబాలు పంచుకుంటే ఒక్కోదానికి నెలకు ఇంటిల్లిపాదీ ఒక సినిమాకు వెళ్లినంత అవుతుంది. డబ్బుకంటే మనుషులు రావడమే కష్టం, అందులోనూ వానాకాలంలో. ఇక కార్తీకమాసంలో, పుట్టినరోజుల పేరుతో మరెవరైనా అక్కడే పెడుతున్నారని తెలిస్తే, నిర్వాహకురాలు ముందే ఫోను చేసి చెబుతుంది. ఆ వారం మేము బియ్యం తగ్గించి సబ్బులు, తువాళ్లు, దోమల బత్తీలు తీసుకెళతాం. ఒకసారి పుట్టినరోజువాళ్లూ మేమూ ఒకేసారి చేరాం. వాళ్లు కేకు కోసి, తాతగార్ల నోట్లో పెడుతూ వీడియో తీసుకున్నారు. షుగరు ఉన్నవాళ్లు ఎవరో వాళ్లకు తెలియదు. నిర్వాహకురాలు మంచాల మధ్య పరుగులు పెట్టింది. అయినా ఆ కుటుంబంలో ఒక అమ్మాయి తర్వాతి ఆదివారం ఒంటరిగా వచ్చి ఉల్లిపాయలు తరిగింది, ఇప్పుడూ వస్తోంది.

పిల్లలు దీనితో మారిపోయారా అని మా చెల్లెలు అడుగుతుంది. మారలేదు. మా అబ్బాయి ఇప్పటికీ ఇంట్లో సొరకాయ కూర చూసి ముఖం తిప్పుకుంటాడు. అమ్మాయి మాత్రం ఇంటికి చుట్టాలు వస్తే ముందుగా చారు గిన్నె పట్టుకొస్తోంది, ఎందుకో వాళ్లకు అర్థం కాదు.

మాఘమాసం ముహూర్తాలు మొదలవగానే వంటమాస్టారును ఒక కేటరింగువాళ్లు మళ్లీ పిలిచారు. తరగడం, రుచి చూసి చెప్పడం వరకే పని. లగ్గాలు ఉన్న ఆదివారాలు ఆయన కనిపించడు. అలాంటప్పుడు పప్పు ఎలా ఉందో చెప్పేవాళ్లు లేక మా అత్తగారు నా ప్రాణం తీస్తారు.

ఎవరైనా వస్తామంటే ఒక మాట. శనివారం రాత్రిలోగా పెద్దాయనకు చెప్పాలి, బియ్యం లెక్క అప్పుడే వేస్తారు. నూలుబట్టలు కట్టుకుని రావాలి, జుట్టు ముడి వేసుకోవాలి, ఉంగరాలు ఇంట్లోనే వదలాలి. వండేవాళ్లు ఉన్నారు. వడ్డించేవాళ్లయితే కావలసినంతమంది, సెలవుల్లో మరీ ఎక్కువ. లేనిది రాత్రి పదిన్నరకు షెడ్డుకు వచ్చి గుండిగలు తోమేవాళ్లు. అడుగంటిన పప్పు గుండిగ ఒక్కటి తోమడానికి ఇద్దరు కావాలి. పీచు, సబ్బు మేమే ఇస్తాం.